అక్టోబర్ 2 పేజీ నన్ను ముంచింది

గ్రూప్-2 లిస్టులో నా నంబరు నాలుగుసార్లు సరిచూసుకున్నాకే ఇది రాస్తున్నాను. సిలబస్, పుస్తకాల జోలికి పోను, అవి మీకూ తెలిసినవే. పోయిన అటెంప్ట్ గురించి మాత్రం చెప్పాలి.

అప్పుడు ఒక్క మార్కుతో పోయింది. పల్లెల అభివృద్ధికి తెచ్చిన సమాజాభివృద్ధి పథకం, జాతీయ విస్తరణ సేవ, బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ, రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్ ప్రారంభం, వీటిని వరుసలో పెట్టమన్నారు. నా దగ్గర తేదీల నోట్‌బుక్ ఉండేది, రోజుకో పేజీ. అక్టోబర్ 2 పేజీ కిటకిటలాడేది. పైన గాంధీ (1869), శాస్త్రి (1904) జయంతులు. కింద సమాజాభివృద్ధి 1952, విస్తరణ సేవ 1953, నాగౌర్ 1959, స్వచ్ఛ భారత్ 2014, మన ఆంధ్రా గ్రామ సచివాలయాలు 2019. కళ్లు మూసుకుని అప్పజెప్పేదాన్ని. మెహతా కమిటీని వేసింది మాత్రం 1957 జనవరిలో. ఆ పేజీలో దానికి చోటే లేదు. హాల్లో టెన్షన్‌లో దాన్ని తీసుకెళ్లి నాగౌర్ తర్వాత పెట్టాను. రావాల్సిన మార్కు పోయింది, నెగెటివ్ కింద ఇంకో 0.33 కోత.

చదవలేదని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. చదివానండీ, బట్టీ కొట్టి మరీ చదివాను!

తర్వాత అదే పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను: 52, 53 పథకాలు అధికారుల చేతిలోనే నడిచాయి, జనం కలిసి రాలేదు. ఎందుకో చూడమని కమిటీ వేశారు. ఎన్నికైన సంస్థలకు అధికారం ఇవ్వాలని, గ్రామం, బ్లాకు, జిల్లా అని మూడంచెలు ఉండాలని అది చెప్పింది. అప్పుడు నాగౌర్. కారణం తెలిశాక వరుస మళ్లీ తప్పలేదు. ఉపాధి హామీ కూడా అంతే. అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది 2006 ఫిబ్రవరి 2న, గాంధీ పేరు చేరింది 2009 అక్టోబర్ 2 నుంచి. ఈ రెండు 'రెండు'ల దగ్గర జాగ్రత్త.

మిగతాదంతా మామూలే. పొద్దున ఐదింటికి లేవడం, ఫోన్ అక్క దగ్గర పెట్టేయడం. చెల్లెళ్లూ తమ్ముళ్లూ, రీల్స్ చూస్తూ కరెంట్ అఫైర్స్ చదువుతున్నామని మిమ్మల్ని మీరు మోసం చేసుకోకండి. నేనూ ఆరు నెలలు అలాగే చేశాను, అందుకే అంటున్నాను.

నోట్‌బుక్ జిరాక్స్ అడిగినవాళ్లకు ఆదివారం ఇస్తాను. అక్టోబర్ 2 పేజీలో 1953 మీద టీ మరక ఉంది, కాస్త వెలుతురులో చూసుకోండి.