టెర్రెల్‌లో నాలుగు సమాధులు, ఒకే తేదీ

మాది దుండిగల్ పక్క ఊరు. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానాల మోత వింటూ పెరిగాను. చప్పుడు కాస్త తేడాగా వినిపిస్తే అమ్మ చేతిలో పని ఆపేసి పైకి చూసేది. "ఎవరి బిడ్డో, క్షేమంగా దిగాలి" అనేది.

ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాం. ఇక్కడికి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో టెర్రెల్ అనే చిన్న ఊరుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడపడం నేర్చుకోవడానికి వచ్చి చనిపోయిన 20 మంది బ్రిటిష్ కుర్రాళ్ల సమాధులు అక్కడున్నాయని తెలిసినప్పుడు అమ్మ మాటే గుర్తొచ్చింది. ఒక్కరి గురించైనా తెలుసుకుని, పేరు పెట్టి పిలిచి, పువ్వు పెట్టి రావాలనిపించింది.

యుద్ధాల్లో చనిపోయిన బ్రిటన్, కామన్‌వెల్త్ దేశాల సైనికుల సమాధులను చూసుకునే సంస్థ ఒకటుంది, కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని. దాని వెబ్‌సైట్‌లో మొదట డాలస్ అని కొట్టి చాలాసేపు తిరిగాను. టెర్రెల్ అని కొట్టాకే దారి దొరికింది. పేరు, ర్యాంకు, సర్వీసు నంబరు, చనిపోయిన తేదీ ఉంటాయి కానీ ఎలా చనిపోయాడన్నది ఉండదు. ఇది ముందే తెలిసుంటే రెండు వారాలు కలిసొచ్చేవి. వివరాల కోసం ఒక ఆఫీసుకు రాస్తే "మీరు బంధువులా?" అని అడిగారు. కాదన్నాను. మళ్లీ జవాబు రాలేదు. చాలా బాధేసింది.

పేర్లన్నీ తేదీల వారీగా నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే 1943 ఫిబ్రవరి 20 దగ్గర పెన్ను ఆగింది. అదే తేదీ నాలుగుసార్లు రాశాను.

ఆ కాగితం పట్టుకుని టెర్రెల్ ఎయిర్‌పోర్ట్ దగ్గరున్న మ్యూజియంకి వెళ్లాను. వాళ్లు విమానం నడపడం నేర్చుకున్న స్కూలు జ్ఞాపకార్థం పెట్టిందే అది. బ్రిటన్‌లో ఎప్పుడూ మబ్బులు, పైగా శత్రు విమానాల భయం. అందుకే 1941 నుంచి 1945 దాకా 2,000 మందికి పైగా కేడెట్లు ఇక్కడ నేర్చుకున్నారు. మొదటి బ్యాచ్‌లు వచ్చేనాటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు కాబట్టి యూనిఫాం వేసుకోకుండా మామూలు సూట్లలో వచ్చారట.

ఆ ఫిబ్రవరి రోజున ఏటీ-6 శిక్షణ విమానాలు ఉత్తరాన ఓక్లహామా వైపు వెళ్లాయి. దారిలో వాతావరణం చెడింది. రెండు విమానాలు అక్కడి కొండల్లో కూలిపోయాయి. ఒకదాంట్లో విన్సెంట్ కాక్‌మన్, ఫ్రాంక్ ఫ్రాస్టిక్. ఇంకోదాంట్లో మారిస్ జెన్సెన్, మైక్ హోజియర్. వాళ్లకు 2000లో ఓక్లహామాలో స్మారకం కట్టారు. దానికి పూనుకున్నది అక్కడి బడిపిల్లలు. అది విన్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒక్కరి కోసమని కొన్న చామంతి గుత్తిని కారులోనే విప్పి నాలుగు భాగాలు చేశాను. ఒక్కో రాయి దగ్గర వంగి పేరు పైకి చదివాను. ఫ్రాస్టిక్ అని సరిగ్గా పలకడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

ఆ రాత్రి అమ్మకు వీడియో కాల్ చేసి ఫొటోలు చూపించాను.

"వీళ్లను ఇంటికి తీసుకెళ్లలేదా?"

"లేదమ్మా. పరాయి దేశంలో చనిపోయిన సైనికులను అక్కడే ఖననం చేయడం అప్పట్లో బ్రిటిష్ వాళ్ల పద్ధతి."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మిగతా పదహారు మందికీ పువ్వులు పెట్టావా?" అని అడిగింది.

తర్వాతి ఆదివారం 20 గులాబీలు తీసుకుని మళ్లీ వెళ్లాను.