గొల్టీ, వడక్కన్, మా కరవది సన్నాయి

మేం ఒంగోలు నుంచి చెన్నై వచ్చి పదమూడేళ్ళయింది. పెద్దది అక్కడే పుట్టింది, ఇప్పుడు తొమ్మిదో క్లాసు, చిన్నోడు ఇక్కడే పుట్టాడు, ఆరో క్లాసు. ఇంట్లో తెలుగు, స్కూల్లో తమిళం, ఫ్రెండ్స్‌తో సగం ఇంగ్లీషు సగం తమిళం, ఇద్దరూ పోట్లాడుకునేటప్పుడు మాత్రం శుద్ధ తమిళం. 2006లో వచ్చిన చట్టంతో ఇక్కడి స్కూళ్ళలో తమిళం తప్పనిసరి అయింది కదా, నాకైతే అది మంచిదే అనిపిస్తుంది, ఉన్న ఊరి భాష రాకపోతే పిల్లలకి ఆ ఊరు ఎప్పటికీ సొంతమవదు.

చిన్నోడు మూడో క్లాసులో ఉన్నప్పుడు ఒకరోజు బ్యాగ్ కూడా తీయకుండా గుమ్మంలో నిలబడి "అమ్మా, గొల్టీ అంటే ఏంటి" అని అడిగాడు. చెన్నైలో ఉండే తెలుగోళ్ళకి ఆ మాట గురించి చెప్పక్కర్లేదు, మనల్ని వెక్కిరిస్తూ అనే మాట, తెలుగు అన్న మాటనే తిరగేశారంటారు. ఆ రోజు వాడు అన్నం తినలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు నేను స్కూలు గేటు దగ్గరికి వెళ్తే "అమ్మా, ఇక్కడ తెలుగులో మాట్లాడకు" అనేవాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అలాంటి నా కొడుకు, మొన్న గేమ్ ఆడుతూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గట్టిగా అంటున్నాడు, "అంద వడక్కన టీమ్‌ల సేర్కాదడా" అని. ఆ ఉత్తరాదోణ్ణి టీమ్‌లో చేర్చుకోవద్దంట. ఈ ఏడాదే చేరిన పిల్లాడు, వాళ్ళది బీహార్. నేను వంటింట్లో ఉన్నా, చేతిలో గరిట అలాగే ఉంది, వెళ్ళి తిట్టేశా. వాడు మొహం ముడుచుకుని "అందరూ అంటారు" అన్నాడు. నిన్ను గొల్టీ అన్నోళ్ళు కూడా అదే చెప్పుంటారు నాన్నా అన్నా. వాడేం మాట్లాడలేదు, నాకూ తిట్టి ఏం సాధించానా అనిపించింది, ఎందుకంటే తిడితే నోరు మూసుకుంటారు అంతే, లోపల అలాగే ఉంటుంది.

ఆ వారమే మా ఏరియాలో ఒక కాలేజీ గోడ మీద పోస్టర్ చూశా, పొద్దున ప్రసంగాలు, సాయంత్రం సంగీతం, అన్ని మతాలు అన్ని భాషలు కలిసుండాలని రెండు రోజుల కార్యక్రమం, ప్రవేశం ఉచితం. ఆదివారం ఇద్దర్నీ లాక్కెళ్ళా. ఇలాంటివి చెన్నైకి కొత్త కాదు, 2015లో బెసంట్ నగర్ పక్కన ఊరూరు ఆల్కాట్ కుప్పంలో, జాలర్ల వాడలో, కర్ణాటక సంగీతాన్నీ పరై అనే డప్పు మేళాన్నీ ఒకే చోట పెట్టి పండగ చేశారు, దాని వెనకున్న వాళ్ళలో కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ గారు ఒకరు. సభల్లో మెత్తటి కుర్చీల్లో కూర్చుని వినే పాట చేపలు ఎండేసే చోటికి వెళ్ళడం మామూలు విషయం కాదు, నాకు చాలా నచ్చిన సంగతి అది.

స్టేజి మీద బ్యానర్ తమిళంలో ఉంది. చిన్నోడు చదివాడు, సగిప్పుత్తన్మై. సహనం అన్నమాట అని పెద్దది చెప్పింది. వాడు కాసేపు ఆలోచించి, "సహనం అంటే ఓర్చుకోవడమే కదా, ఎవర్నైనా ఓర్చుకుంటున్నాం అంటే వాళ్ళు మనకి ఇష్టం లేనట్టేగా" అన్నాడు. నిజంగా నా దగ్గర జవాబు లేదు. తలనొప్పిని ఓర్చుకుంటాం, ఎండని ఓర్చుకుంటాం. పక్కింటోళ్ళని ఓర్చుకోవడం ఏంటి?

పొద్దున ప్రసంగాల్లో రెండు మా వాళ్ళకి పట్టలేదు, పెద్దది ఫోన్ చూసుకుంది, నేనేం అనలేదు. ఒకటి మాత్రం ఇద్దరూ విన్నారు. ట్రిప్లికేన్‌లో 1795లో కట్టిన వాలాజా మసీదు ఉంది కదా, అక్కడ రంజాన్ నెలలో సాయంత్రం ఉపవాసం విడిచే వాళ్ళకి దశాబ్దాలుగా తిండి తెచ్చి వడ్డించేది హిందువులు, సూఫీదార్ ట్రస్ట్ వాళ్ళు. దేశ విభజనప్పుడు సింధ్ వదిలేసి వచ్చిన దాదా రతన్‌చంద్ గారు మొదలుపెట్టారు. మైలాపూర్‌లో వండి మసీదుకి తెస్తారు, నెత్తిన టోపీ పెట్టుకుని వడ్డిస్తారు. "వాళ్ళు కూడా వేరే ఊరి నుంచి వచ్చినోళ్ళేనా" అని చిన్నోడు నా చెవిలో అడిగాడు. అవును, ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినోళ్ళు అన్నా.

సాయంత్రం నాదస్వరం. మేం ముందు వరసలో కింద జంపఖానా మీద కూర్చున్నాం. వాయించే కుర్రాడికి పాతికేళ్ళుంటాయేమో. వాద్యం పైభాగాన దారాలకి చిన్న చిన్న సీవాళీలు వేలాడుతున్నాయి, అదే ఊదేచోట పెట్టే పుల్ల, ఒకదాన్ని తీసి నోట్లో పెట్టుకుని తడిపి, బిగించి చిన్నగా ఊది చూసి, తల అడ్డంగా ఊపి అది తీసేసి ఇంకోటి పెట్టాడు. మూడోది కుదిరింది. చిన్నోడు నోరు తెరుచుకుని అదే చూస్తున్నాడు. డోలు మొదలవగానే నా గుండె కూడా దానితో పాటే కొట్టుకున్నట్టు అయింది, మా ఊళ్ళో పెళ్ళిళ్ళు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళొచ్చాయి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చెప్పా. మన ఒంగోలు పక్కన కరవది ఉంది కదా, తాతయ్య బండి మీద తీసుకెళ్ళాడు చూడు, నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారు పుట్టిన ఊరు అదే. 1924లో పుట్టారు, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకున్నారు, అది చాలదని తంజావూరు పద్ధతి కోసం ఈ తమిళదేశం వచ్చి మళ్ళీ శిష్యుడిగా కూర్చున్నారు, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. ముస్లిం, తెలుగోడు, రంగనాథుడి ఊళ్ళో ఇల్లు. 1998లో ఇదే చెన్నైలో మ్యూజిక్ అకాడమీ వాళ్ళు సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు. ఆ దారిలోనే షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ గార్లు, భార్యాభర్తలిద్దరూ నాదస్వరమే, 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తాళి కట్టేటప్పుడు సన్నాయి ఊదే వాళ్ళలో చాలామంది సాయిబులే, నా పెళ్ళిలో కూడా.

"నీ పెళ్ళిలోనా?" అని పెద్దది ఫోన్ పక్కన పెట్టింది. ఇంటికొచ్చాక క్యాసెట్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన వీడియో వేశాం. బొమ్మ మసకగా ఉంది. గట్టిమేళం గట్టిమేళం అని పంతులుగారు చెయ్యి ఊపుతున్నారు, పక్కన పందిరి గుంజకి ఆనుకుని పెద్దాయన బుగ్గలు పొంగించి ఊదుతున్నాడు. మా నాన్నకి వీడియో కాల్ చేస్తే, ఆ సన్నాయి ఆయన్ని మేం బాబాయ్ అనే పిలిచేవాళ్ళం, మీ అమ్మ అన్నప్రాశనకి కూడా ఆయనే వచ్చాడు అన్నారు. "అంటే ఓర్చుకున్నారా తాతయ్యా" అని చిన్నోడు అడిగాడు. నాన్నకి అర్థం కాలేదు. "ఓర్చుకోవడం ఏందిరా, ఆయన రాకపోతే ముహూర్తం ఆగుద్ది" అన్నారు.

చిన్నోడు ఆ బీహార్ పిల్లాడికి సారీ చెప్పాడో లేదో నేను అడగలేదు. బుధవారం స్కూలు నుంచి వచ్చి షూ విప్పుకుంటూ వాడే చెప్పాడు, "అమ్మా, వాళ్ళింట్లో మాట్లాడేది హిందీ కాదంట, మైథిలి అంట, ఇక్కడ ఎవరికీ ఆ పేరే తెలీదంట." ఇంకా ఏమన్నాడు అని అడిగా. గేటు దగ్గర వాళ్ళమ్మ మైథిలిలో పిలిస్తే వాడు కూడా పలకడంట.