పదకొండు రాత్రుల పసుపు పిట్ట

పోయిన వారం తరగతి గదిలో నా పరువు పోయింది. నిన్న అందులో కొంత తిరిగి వచ్చింది. రెండూ వేడిగా ఉండగానే రాసేస్తున్నాను.

తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. ఈ ఏడాది వ్యాకరణం, పద్యాలు రెండూ యానిమేషన్ వీడియోలతో చెప్పాలని ఆదేశం వచ్చింది, దానికి రెండు రోజుల శిక్షణ కూడా. స్క్రిప్టు ఒక సాయంత్రంలో అయింది. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, ఒక రాత్రి గొంతు రికార్డు చేశాను. బొమ్మలకే భయపడ్డాను. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములట. చేత్తో గీసేవాళ్లు ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకుని 12తో సరిపెడతారట. నాకు ఆ కష్టం లేకుండా మొదటి భంగిమ, చివరి భంగిమ ఇస్తే నడిమివి కంప్యూటరే నింపింది.

వ్యాకరణం వీడియోల గురించి గొప్ప చెప్పుకోకుండా ఉండలేను. ఆర్టికల్స్ తెలుగులో లేవు. ‘కుక్క వచ్చింది’ అంటే ఏదో ఒక కుక్కా, ఇందాకటి కుక్కా అన్నది సందర్భాన్ని బట్టే మనకు తెలిసిపోతుంది. ఈ తేడా చెప్పడానికి పన్నెండేళ్లుగా బోర్డు నిండా నియమాలు రాశాను. వీడియోలో ఒక కుక్క వస్తుంది, మెడలో ‘ఎ’ అన్న బిళ్ల. వెళ్లిపోయి అదే కుక్క మళ్లీ వస్తుంది, ఈసారి బిళ్ల మీద ‘ది’. వేరే కుక్క వస్తే మళ్లీ ‘ఎ’. యాభై సెకన్లలో పని అయిపోయింది. ప్యాసివ్ వాయిస్‌లో కర్త, కర్మ కుర్చీలు మార్చుకున్నారు. కర్త ‘బై’ అనే సంచీ పట్టుకుని చివరికి వెళ్లి నిలబడ్డాడు. ఎవరు చేశారన్నది అవసరం లేని వాక్యంలో సంచీతో సహా తెర దాటిపోయాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు నా తలకెక్కాయి.

తర్వాత అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ పద్యం ఎత్తుకున్నాను. ఆశను ఈకలున్న ఒక వస్తువుగా చెప్పే పన్నెండు పంక్తుల పద్యం అది. ఆవిడ 1886లో పోయాక, 1891లో అచ్చయింది. పదకొండు రాత్రులు కూర్చుని ఒక పసుపు పిట్టను చేశాను. కళ్లు ఆర్పుతుంది, తోక ఊపుతుంది, తుఫానులో కొమ్మను పట్టుకుని వణుకుతుంది. చూడటానికి హెడ్‌మాస్టరు గారు, శిక్షణ ఇచ్చిన నిపుణురాలు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు.

వీడియో అయ్యాక అడిగాను: “ఆశ అంటే ఏమిటి?”

“పసుపు పిట్ట, టీచర్!” తరగతంతా ఒకే గొంతు.

“అది ఎక్కడ వాలుతుంది?”

“కొమ్మ మీద!”

పద్యంలో అది వాలేది ఆత్మలో. కొమ్మ నాది. నేను తేరుకునేలోపే మూడో వరసలో ఒక అమ్మాయి పుస్తకం పట్టుకుని లేచింది. “టీచర్, పిట్ట అన్న మాట ఏడో పంక్తిలో కదా ఉంది. అంతవరకు ఆవిడ పిట్ట అనలేదు. మరి మీరు మొదటి పంక్తికే ఎందుకు తెచ్చారండీ?”

గది నిశ్శబ్దమైపోయింది. నిపుణురాలు కిసుక్కున నవ్వారు. “మీకు సులువుగా ఉంటుందని,” అన్నాను. ఆ జవాబు ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. పన్నెండేళ్లుగా చెబుతున్న పద్యమే, ఆ మాట ఎక్కడ వస్తుందో నేనెన్నడూ లెక్కపెట్టలేదు. ‘ముఖపద్మం’ అన్న మాటకు మెడ మీద తామరపువ్వు గీసి పెట్టినట్టు చేశాను. ఉపమానం మిగిలింది, ఉపమేయం ఎగిరిపోయింది.

తర్వాత నిపుణురాలు ఇచ్చిన సలహా ఏమిటంటే, పద్యం అక్షరాలు కూడా పిట్ట పక్కనే కదులుతూ ఉండాలట. బొమ్మ, గొంతు, అక్షరాలు మూడూ ఒకేసారి పెడితే చూసేవాడి మీద భారం పడుతుందని రిచర్డ్ మేయర్ అనే విద్యా మనస్తత్వవేత్త ఎప్పుడో చెప్పారు. శిక్షణలో ఆ మాట ఎత్తితే “ఇవి పైనుంచి వచ్చిన సూచనలు” అన్నారు. పరాయి భాషలో కొత్త మాట వచ్చినచోట అక్షరాలు కావాలి, కాదనను. మీకు ఇలాంటి శిక్షణ ఇస్తే కుక్క బిళ్ల లాంటివి నేర్చుకుని, పద్యం దగ్గర మాత్రం వాళ్ల మాట వినకండి.

పిట్టను పీకేశాను. నల్లటి తెర, ఒక్కొక్కటిగా వచ్చే పంక్తులు, డికిన్సన్ మాటల మధ్య అడ్డగీతలు (డ్యాష్‌లు) పెట్టినచోట ఆగే నా గొంతు, వెనక గాలి చప్పుడు. ఏడో పంక్తి దగ్గర ఒక ఈక కిందికి దిగుతుంది. అంతే. దీనికి ఒక్క సాయంత్రం పట్టింది.

నిన్న అది చూపించి, కనిపించింది గీయమన్నాను. కొందరు పిట్టలే గీశారు, ఒక్కటీ పసుపు కాదు. ఒకడు ఖాళీ గూడు గీశాడు. ఆ అమ్మాయి ఏమీ గీయకుండా కాగితం తిరిగి ఇచ్చి, “ఇంకా వాలలేదు టీచర్” అంది.

నిపుణురాలు వీడియోలో ఎన్ని బొమ్మలు కదిలాయో రాసి పంపమన్నారు. ‘ఒక ఈక’ అని రాసి పంపాను.