అమ్మ పేరు మీద ఇల్లు: ముగ్గు పోసిన రోజు నుంచి స్లాబ్ దాకా

2025 మే నెలలో ఇందిరమ్మ ఇళ్ల జాబితాలో అమ్మ పేరు వచ్చింది. పేదలు ఇల్లు కట్టుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం డబ్బిచ్చే పథకం ఇది. దరఖాస్తు పెట్టింది ప్రజాపాలనలో, అంటే 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ఊరూరా కాగితాలు తీసుకున్నప్పుడు. మధ్యలో ఒకసారి సర్వే వాళ్లు వచ్చి, మా పెంకుటింటి ముందు అమ్మను నిలబెట్టి ఫోటో తీసుకుపోయారు. ఆ తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు. 2025 జనవరి 26న మండలానికి ఒక ఊరు చొప్పున మొదలుపెట్టినప్పుడు అందులో మా ఊరు లేదు. అమ్మ ఇక ఆశ వదిలేసుకుంది.

సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలు ఇస్తారు. అదీ ఒక్కసారి కాదు, నాలుగు విడతల్లో. బేస్‌మెంట్ అయితే మొదటి లక్ష, గోడలు లేచాక రెండో విడత, స్లాబ్ పడ్డాక మూడో విడత, అంతా పూర్తయ్యాక చివరి లక్ష. మధ్యలో కాంట్రాక్టర్ లేడు, డబ్బు నేరుగా ఇంటి ఆడమనిషి ఖాతాలో పడుతుంది. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. మా ఇంటికి సిమెంటు ఎంత కలిపారో, సలాక ఏ సైజు వేశారో అమ్మ దగ్గరుండి చూసుకుంది.

కష్టమంతా మొదటి లక్ష రాకముందే. పాత ఇల్లు కూల్చాలి, రేకుల షెడ్డులోకి మారాలి, గుంతలు తీయించాలి, పిల్లర్లు లేపాలి, మొరం నింపాలి. ఇదంతా మన డబ్బుతో చేశాకే ప్రభుత్వం లెక్కలోకి వస్తాం. మాకు బేస్‌మెంట్‌కే లక్షా నలభై వేలు దాటింది. చేతిలో ఉన్నది ముప్పై వేలు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెద్దామని నేను అప్పటికే ఒకరితో మాట్లాడి వచ్చాను. అమ్మ ఒప్పుకోలేదు. మహిళా సంఘంలో అడిగింది. ఇల్లు మొదలుపెట్టలేని వాళ్లకు సంఘం ద్వారా లక్ష దాకా అప్పు ఇస్తారని అప్పుడే తెలిసింది. పేరొచ్చినా ముగ్గు దగ్గరే ఆగిపోయిన వాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. మంజూరు కాగితం చేతిలో పెట్టే రోజే ఈ అప్పు సంగతి కూడా చెబితే వాళ్లలో సగం మందైనా పని మొదలుపెట్టేవాళ్లు. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

ముగ్గు పోసే రోజు మేస్త్రి, "ముందు నాలుగడుగులు వరండా దించుదాం అక్కా, మళ్లీ మళ్లీ కడతామా" అన్నాడు. అమ్మకూ ఆశ పుట్టింది. పంచాయతీ సెక్రటరీ మేడం టేపు పట్టుకుని నిలబడి, "అమ్మా, 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. దాటితే బిల్లు ఆగుతుంది, తర్వాత నేనేం చేయలేను" అని చెప్పింది. ఆమె ఆ రోజు రాకపోయి ఉంటే మేం వరండా వేసుకుని ఇరుక్కునేవాళ్లం. చివరికి ఇరవై అడుగులు, ఇరవై ఎనిమిది అడుగులు కొలత పెట్టుకున్నాం. ఇసుకకు డబ్బు కట్టే పని లేదు, ట్రాక్టర్ కిరాయి మాత్రం మనదే. ఈ కిరాయి ముందే మాట్లాడుకోకపోతే ట్రిప్పుకో రేటు చెబుతారు.

బేస్‌మెంట్ అయింది, మేడం వచ్చి అమ్మను దానిమీద నిలబెట్టి యాప్‌లో ఫోటో ఎక్కించింది. బిల్లులు సోమవారాలు పడుతున్నాయి. ఒక సోమవారం పోయింది, రెండో సోమవారం పోయింది. మాతో పాటు కట్టినవాళ్లకు పడ్డాయి, మాకు లేదు. మేడం ఫోన్‌లో చూస్తే మాత్రం డబ్బు పంపినట్టే ఉంది. టెన్షన్‌తో అమ్మకు రెండు రాత్రులు నిద్ర లేదు. ఎవరో మధ్యలో మింగేశారని వాడకట్టంతా మాట్లాడుకున్నారు.

చివరికి బ్యాంకులో ఒక పిల్లవాడు ఓపికగా చూసి చెప్పాడు. డబ్బు మనం రాసిచ్చిన ఖాతాకు కాదు, ఆధార్‌కు చివరిసారి లింకైన ఖాతాకు పోతుందట. ఉపాధి కూలి కోసం ఎప్పుడో వేరే బ్యాంకులో తీసిన ఖాతాలో అమ్మ లక్ష రూపాయలు భద్రంగా ఉన్నాయి. ఆ పాస్‌బుక్ బియ్యం డబ్బా కింద దొరికింది, అంచులు ఎలుకలు కొరికేసి. కేవైసీ చేయించి డబ్బు తీయడానికి ఇంకో పది రోజులు పట్టింది. మేస్త్రి ఈలోపు వేరే పనికి పోయాడు. ఇల్లు మొదలుపెట్టే ఎవరికైనా నేను చెప్పేది ఇదే: గుంత తీయకముందే బ్యాంకుకు పోయి మీ ఆధార్ ఏ ఖాతాకు లింకైందో అడగండి. ఏ బ్యాంకుకు లింకైందో ఆధార్ వెబ్‌సైట్‌లో కూడా కనిపిస్తుంది.

గోడలు తొందరగానే లేచాయి. కార్తీకంలో స్లాబ్ పోశాం. ఆ బిల్లు ఏ ఇబ్బందీ లేకుండా మూడో సోమవారానికి పడింది, సంఘం అప్పులో సగం తీర్చాం. తలుపులు, ప్లాస్టరింగ్, బాత్రూమ్ మిగిలాయి, చివరి లక్ష అవయ్యాకే.

మా పక్కింటి పెద్దమ్మ ఒంటరి మనిషి. ఆమె పేరు కూడా అదే జాబితాలో ఉంది, ఇన్నాళ్లూ గడ్డపార ముట్టలేదు. పోయిన వారం అమ్మ ఆమెను వెంటబెట్టుకుని సంఘం మీటింగ్‌కు తీసుకుపోయింది. నేను బ్యాంకుకు తీసుకుపోయి ఆధార్ చూపించాను. మా దగ్గర మిగిలిన మొరం నిన్న సాయంత్రం ఆమె వాకిట్లో పోయించాం.