హెడ్‌లైట్లో చెమ్మ

లక్షా ఎనభై ఆరు వేలు. ఒక్క హెడ్‌లైటుకి! పదకొండున్నర అయింది, ఈయన నిద్రపోయారు. నాకు ఆ అంకె కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

మొన్నటి వానకి మా కారు ఎడమ హెడ్‌లైట్లో చెమ్మ పట్టింది, ఇవాళ సర్వీస్ సెంటర్ నుంచి ఎస్టిమేట్ వచ్చింది. నీళ్లు దిగి, లైటును నడిపే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె పాడైందట. పెట్టె, ఎల్‌ఈడీలు, అద్దం అన్నీ ఒకటే సెట్టు. ఏది పోయినా మొత్తం మార్చాల్సిందేనన్నాడు ఆ అబ్బాయి. బిగించాక కంప్యూటర్ పెట్టి కోడింగ్ చెయ్యాలి, లేకపోతే కారు కొత్త లైటును గుర్తుపట్టదట. దానికి వేరే చార్జీ. కారు బిగించింది మన దేశంలోనే, లైటు మాత్రం జర్మనీ నుంచి రావాలి, మూడు వారాలు. వారంటీ జనవరిలోనే అయిపోయింది. ఇన్సూరెన్స్ వాళ్లేమో యాక్సిడెంట్ కాదు కాబట్టి రాదన్నారు. 2025 సెప్టెంబరులో విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గాక కూడా ఇంత! "రిపేర్ అవదా బాబూ?" అని రెండుసార్లు అడిగాను. "రిపేర్ ఉండదు మేడమ్, రీప్లేస్‌మెంటే." ఆ మాటే పొద్దుటి నుంచి గుచ్చుకుంటోంది.

నాన్న అంబాసిడర్ గుర్తొచ్చింది. గుడివాడలో పెళ్లి చూసుకుని రాత్రి వస్తుంటే, ముందు లారీ టైరు కింద నుంచి రాయి ఎగిరి హెడ్‌లైటు పగిలింది. కంకిపాడు మీదుగా బెజవాడ దాకా ఒక్క లైటుతోనే వచ్చాం. మర్నాడు బడి మాన్పించి నన్నూ ఆటోనగర్ తీసుకెళ్లారు. ఏడంగుళాల గుండ్రటి లైటు, ఏ షాపులో అడిగినా ఉండేది. మేస్త్రి రింగు విప్పి, స్క్రూలు నా చేతిలో పోసి, "కింద పడేయకమ్మా" అన్నాడు. గ్రీజు వాసన, పక్క షెడ్డులో వెల్డింగ్ రవ్వలు. పావుగంటలో పని అయిపోయింది. తిరిగొచ్చేటప్పుడు పునుగులు తిన్నాం. కారంటే అలా ఉండాలి అనుకుంటూ అమ్మకి ఫోన్ చేశాను.

"రాయి తగిలిన రోజొక్కటే గుర్తుందా నీకు?" అంది అమ్మ. "క్లచ్ ప్లేట్లూ, కార్బొరేటరూ, ఎండాకాలం రేడియేటర్ మరిగిపోవడం! మీ నాన్న సెలవులన్నీ దానికే పోయాయి. మీ పిన్ని పెళ్లికి తలంబ్రాలు అయిపోయాక చేరాం." అని పడీపడీ నవ్వింది. అమ్మ అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

నిజమే. ఈ కారు నాలుగేళ్లలో ఒక్కసారీ దారిలో ఆగలేదు. సూర్యాపేట దాటాక వానలో గేదె అడ్డొచ్చినప్పుడు ఆ బ్రేకులే మమ్మల్ని కాపాడాయి, వెనక పిల్లలున్నారు. ఖర్చు పెట్టాల్సిందేనేమో అనిపించింది కాసేపు.

కానీ బ్రేకులు మంచివైతే లైటు విప్పడానికి వీల్లేకుండా ఎందుకు చెయ్యాలి? రాణీగంజ్‌లో ఒకాయన వేడి చేసి అద్దం ఊడదీసి, పెట్టె ఒక్కటే మార్చి మళ్లీ సీలు వేస్తానంటున్నాడు. ముప్పై అయిదు వేలు, గ్యారంటీ లేదు. ఈయన వద్దన్నారు. పొద్దున నేనూ వద్దనే అన్నాను.

రేపు ఆ రాణీగంజ్ ఆయన్ని మళ్లీ అడుగుతాను. ఆయన లైటు విప్పుతున్నంతసేపూ పక్కనే నిలబడతాను.