చిన్న కెమెరాకి బుల్లి ట్రైపాడ్: డబ్బా మీద కేజీలు కాదు, కాళ్ళు చూడండి

కాంపాక్ట్ కెమెరాకి మళ్ళీ ట్రైపాడ్ కూడానా అని అడిగేవాళ్ళు చాలామందే ఉంటారు. పగలైతే వాళ్ళ మాటే రైటు, దీపాలు పెట్టాక మాత్రం కాదు. సంక్రాంతికి బొమ్మల కొలువు ఫోటో తియ్యాలంటే ట్యూబ్‌లైట్ ఆపేసి కుందుల్లో దీపాలు, చుట్టూ వేసిన సీరియల్ లైట్లు మాత్రమే ఉంచితేనే ఆ అందం వస్తుంది. ఆ వెలుగులో ఐఎస్‌ఓని (వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 125 దగ్గర ఉంచామంటే షట్టర్ ఒక సెకను తెరిచి ఉండాలి, ఎంత ఊపిరి బిగబట్టినా చెయ్యి సెకను పాటు కదలకుండా ఉండదు. ఐఎస్‌ఓ 6400కి పెంచితే అదే సెకను 1/50కి దిగుతుంది, చేత్తో తీసెయ్యొచ్చు, కానీ ఒక అంగుళం రకం చిన్న సెన్సార్‌లో (వెలుగుని ఫోటోగా మార్చే చిప్పు) బొమ్మ కట్టుకున్న పట్టుచీర జరీ అంతా గరుగ్గా, పిండి చల్లినట్టు వచ్చేస్తుంది, నాకది అస్సలు నచ్చదు.

నా దగ్గరున్నది కెనాన్ జి7ఎక్స్ మార్క్ 2, బ్యాటరీ, కార్డు కలిపి 319 గ్రాములు. దీనికోసం కేజీన్నర పెద్ద ట్రైపాడ్ మోసుకెళ్ళడంలో అర్థం లేదు, అది బీరువా మీదే ఉండిపోతుంది. పైగా కొలువులో కింది మెట్ల మీద బొమ్మలు మన మోకాలి ఎత్తులో ఉంటాయి, పెద్ద ట్రైపాడ్ వేస్తే వాటి నెత్తి పైనుంచి కిందకి చూసినట్టు వస్తుంది, అదే బుల్లి ట్రైపాడ్ నేల మీదో పీట మీదో పెడితే లెన్స్ సరిగ్గా బొమ్మ మొహం ఎత్తులో ఉంటుంది, స్క్రీన్ పైకి తిప్పుకుంటే మనం పడుకోవాల్సిన పని కూడా లేదు. ఎత్తు తక్కువని దాన్ని తీసిపారేస్తారు గానీ దాని అసలు ఉపయోగం ఆ తక్కువ ఎత్తే.

ఇప్పుడు కొనే సంగతి. షాపులో అడిగినా ఆన్‌లైన్లో చూసినా మొదట చెప్పేది ఎన్ని కేజీలు మోస్తుందని. మాన్‌ఫ్రాటో పిక్సీకి 1 కేజీ, పిక్సీ ఈవోకి 2.5 కేజీలు, జోబీ గొరిల్లాపాడ్ 1కె అంటే 1 కేజీ, 3కె అంటే 3 కేజీలు, ఇలా. మన కెమెరా 300 గ్రాముల చుట్టుపక్కలే కాబట్టి అన్నీ పాసే, అందుకే ఎంచుకోడానికి ఆ అంకె మనకి ఏ మాత్రం పనికిరాదు. అదీగాక బరువు నిట్టనిలువుగా కిందకి పడుతుంటే మోయడం వేరు, కెమెరాని పక్కకి వంచినప్పుడు పట్టుకోవడం వేరు. కేజీల గోల వదిలేసి రెండు విషయాలు చూస్కోండి, కాళ్ళు ఎంత వెడల్పుగా పరుచుకుంటాయి, బిగించాక హెడ్డు, అంటే కాళ్ళ పైన కెమెరాని పట్టుకుని అటూ ఇటూ వంచే భాగం, ఎంత జారుతుంది.

కాళ్ళ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మూడు కాళ్ళున్నది ఏదైనా ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు, అంతవరకు అందరికీ తెలుసు. ఊగకపోవడం వేరు, పడకపోవడం వేరు. ట్రైపాడ్‌ని పైనుంచి చూడండి, మూడు పాదాలు కలుపుతూ గీత గీస్తే త్రిభుజం వస్తుంది, మొత్తం బరువు ఆ త్రిభుజం లోపల పడినంతసేపే అది నిలబడుతుంది. నడిమధ్య నుంచి పాదం దాకా 10 సెంటీమీటర్లు ఉందనుకోండి, కాలు ఉన్న వైపు 10 సెంటీమీటర్ల దాకా ధైర్యం ఉంది, కానీ రెండు కాళ్ళ మధ్య ఖాళీగా ఉన్న వైపు త్రిభుజం అంచు 5 సెంటీమీటర్లకే వచ్చేస్తుంది, సరిగ్గా సగం. అందుకే లెన్స్ ఎటు చూస్తుంటే అటు ఒక కాలు ఉండాలి, జూమ్ చేస్తే లెన్స్ ముందుకి పొడుచుకొస్తుంది కాబట్టి ఇంకా ముఖ్యం.

నిలువు ఫోటో తీసేటప్పుడు కష్టం ఇంకా ఎక్కువ. బాల్ హెడ్డుకి (కప్పులో తిరిగే బంతి మీద కెమెరా కూర్చునే హెడ్డు) పక్కన ఒక గాడి ఉంటుంది, బంతి మెడని అందులోకి వాలిస్తే కెమెరా నిలువుగా తిరుగుతుంది (కొన్ని బుల్లి హెడ్లకి ఈ గాడి ఉండదు, కొనేముందు చూస్కోండి, నిలువు ఫోటోలు ఇష్టమైనవాళ్ళకి అది లేకపోతే సగం పని అవ్వదు). అలా వాల్చినప్పుడు కెమెరా మొత్తం బంతి పక్కకి వెళ్ళిపోతుంది. నా కెమెరా ఎత్తు 6 సెంటీమీటర్లు, అందులో సగం 3, బంతి మధ్య నుంచి కెమెరా అడుగు దాకా ఒక 2 వేసుకుంటే కెమెరా బరువు దాదాపు 5 సెంటీమీటర్లు పక్కకి జరిగింది. ట్రైపాడ్ ఒక 200 గ్రాములు ఉందనుకుంటే రెండూ కలిపిన బరువు నడిమధ్య నుంచి 3 సెంటీమీటర్ల అవతల పడుతుంది. పాదాలు 6 సెంటీమీటర్ల దూరంలోనే ఆగిపోయే బుల్లి ట్రైపాడ్ అయితే ఖాళీ వైపు అంచు కూడా 3 సెంటీమీటర్లే, అంటే ఫ్యాన్ గాలికి కూడా పడిపోవచ్చు. గాడి ఉన్న వైపు కింద ఒక కాలు ఉండేలా తిప్పుకుంటే ఈ గొడవ ఉండదు, హెడ్డుకి అడుగున తిరిగే బేస్ ఉంటే అది తేలిక, లేకపోతే హెడ్డుని కాళ్ళ స్క్రూ మీద కాస్త వదులు చేసి తిప్పి మళ్ళీ బిగించుకోవాలి. నా లెక్కలో పాదాలు కనీసం 9, 10 సెంటీమీటర్లు పరుచుకోనిది కొనకండి, చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నా సరే.

ఇక బాల్ హెడ్డు. ఫ్రేము చూసుకుని నాబ్ బిగించి చెయ్యి వదిలేస్తాం, వదలగానే కెమెరా ముక్కు కొంచెం కిందకి దిగుతుంది. బంతి, దాన్ని పట్టుకునే కప్పు కొద్దిగా వంగుతాయి, పైన రబ్బరు ప్యాడ్ నొక్కుకుంటుంది, కాళ్ళు కూడా కాస్త వంగుతాయి, అన్నీ కలిసి ఆ జారుడు. జూమ్ చెయ్యనప్పుడు, అంటే లెన్స్ 24 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నప్పుడు ఇది తెలీదు, ఎందుకంటే ఫ్రేములో కింద నుంచి పైదాకా పట్టే ఎత్తు 53 డిగ్రీలు, ఒక డిగ్రీ జారితే యాభయ్యో వంతు పోయినట్టు. అదే 100 దాకా జూమ్ చేశాక ఫ్రేము ఎత్తు 14 డిగ్రీల లోపే, అదే ఒక డిగ్రీ ఇప్పుడు పద్నాలుగో వంతు, అమ్మవారి కిరీటం దగ్గర సరిగ్గా పెట్టుకున్న అంచు కాస్తా కోసుకుపోతుంది. అందుకే షాపుకి మీ కెమెరా పట్టుకెళ్ళండి, హెడ్డుకి బిగించి ఫుల్ జూమ్ పెట్టి, స్క్రీన్ మీద గ్రిడ్ గీతలు ఆన్ చేసి, ఎదురుగా గోడ మీద ఏదైనా అక్షరం గీత మీదకి తెచ్చుకుని బిగించి వదలండి, ఎంత దిగిందో గీతే చెప్తుంది. కోఠీలో కెమెరా షాపుల్లో అడిగితే కాదనరు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో కొనేవాళ్ళు వచ్చిన రోజే ఈ పరీక్ష చేసి నచ్చకపోతే వెనక్కి పంపెయ్యండి.

బంతి ఎంత పెద్దదైతే పట్టు అంత బాగుంటుంది, మన కెమెరాలకి 18 నుంచి 25 మిల్లీమీటర్ల బంతి సరిపోతుంది, అంతకంటే పెద్దది పెడితే కాళ్ళ మీద హెడ్డు బరువే ఎక్కువైపోతుంది. బంతి సైజు కన్నా నేను నాబ్ ఎలా తిరుగుతుందనేది ఎక్కువ చూస్తాను. వదులు నుంచి బిగువుకి నెమ్మదిగా రావాలి, మధ్యలో కెమెరాని చేత్తో జరిపితే జరిగి, వదిలితే అక్కడే ఉండే దశ ఒకటి ఉండాలి. కొన్ని చవక హెడ్లలో ఆ మధ్య దశ ఉండదు, అయితే పూర్తిగా వదులు లేకపోతే పూర్తిగా టైటు, అలాంటిదాంతో ఫ్రేము సరిచేసుకోవడం నరకం. పిక్సీలో అసలు నాబే ఉండదు, బటన్ నొక్కితే బంతి వదులవుతుంది, వదిలేస్తే పట్టుకుంటుంది, గబగబా తీసుకోడానికి ఇంతకన్నా తేలికది లేదు, నెమ్మదిగా మిల్లీమీటరు మిల్లీమీటరు జరుపుకునే అలవాటున్నవాళ్ళు మాత్రం నాబ్ ఉన్నదే తీస్కోండి.

ప్లేటు విషయం కూడా చెప్పాలి. పెద్ద కెమెరాల వాళ్ళంతా ఆర్కా స్విస్ ప్లేటు (కెమెరా అడుగున బిగించి హెడ్డు మీద తగిలించే పలక) అంటారు, 38 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, తీసి పెట్టడం తేలిక, నిజమే. కానీ చాలా కాంపాక్టుల్లో బ్యాటరీ, కార్డు తలుపు అడుగునే ఉంటుంది, స్క్రూ రంధ్రం పక్కనే, ప్లేటు బిగిస్తే ఆ తలుపు తెరుచుకోదు, ప్రతిసారీ విప్పాల్సి వస్తే ఇక ప్లేటు వల్ల లాభమేముంది. గుండ్రటి చిన్న రబ్బరు ప్యాడ్ మీద నేరుగా స్క్రూ ఉండే హెడ్డే నాకు మేలనిపించింది. ఆ స్క్రూ ఎక్కడైనా ఒకటే, 1/4 అంగుళం, అంగుళానికి 20 మరలు, ఏ కంపెనీ కాళ్ళ మీద ఏ కంపెనీ హెడ్డైనా కూర్చుంటుంది. పెద్ద హెడ్లకి అడుగున 3/8 అంగుళం రంధ్రం ఉంటుంది, దాన్ని 1/4కి తగ్గించే చిన్న ఇత్తడి బుష్ దొరుకుతుంది.

నేరుగా స్క్రూ వాడేవాళ్ళకి ఒక ముక్క, నిలువు ఫోటోకి కెమెరాని ఎటు వాలుస్తారో చూసుకోండి. మీరు వెనక నుంచున్నప్పుడు కెమెరా పైభాగం కుడివైపుకి, అంటే కుడిచేత్తో పట్టుకునే గ్రిప్పు వైపు కిందకి వచ్చేలా వాలిస్తే లెన్స్ బరువు స్క్రూని బిగించే దిక్కుకి లాగుతుంది. ఎడమకి వాలిస్తే అదే బరువు విప్పే దిక్కుకి లాగి, ఎంత బిగించినా మెల్లగా లెన్స్ ముక్కు కిందకి తిరిగిపోతుంది. స్క్రూ మీద మరింత బలం పెట్టడం కన్నా ఇది నయం, కాంపాక్టుల అడుగు ప్లాస్టిక్ అయితే అతిగా బిగిస్తే మర దెబ్బతింటుంది.

ఏ రకం కొనాలంటే, అది మీరెక్కడ తీస్తారన్నదాని మీద ఉంటుంది. బ్యాగు పక్క జేబులో పడేసుకుని వెళ్ళడానికి పిక్సీ లాంటి గట్టి కాళ్ళది, మూడు కాళ్ళు మూసేస్తే చేత్తో పట్టుకునే హ్యాండిల్ కూడా అవుతుంది, వీడియోకి పనికొస్తుంది. కాళ్ళు, హెడ్డు విడివిడిగా కొనుక్కునే ఓపికుంటే లియోఫోటో, సిరుయ్ వాళ్ళవి చూడండి, కాళ్ళు రెండు మూడు కోణాల్లో పరుచుకునేవి ఉంటాయి, లైకా వాళ్ళది దశాబ్దాలుగా అదే పద్ధతి, కాళ్ళు మూసేస్తే బల్లపరుపుగా అయిపోతుంది, హెడ్డు వేరు, ధర మాత్రం మన కెమెరా ధరతో పోల్చుకుంటే భయమేస్తుంది. వంగే కాళ్ళవి, గొరిల్లాపాడ్, యూలాంజీ వగైరా, నేల మీద పెట్టడానికి నాకు నచ్చవు, ముట్టుకుంటే చాలాసేపు ఊగుతూనే ఉంటాయి. కానీ రెయిలింగుకి చుట్టాలంటే వేరే దారి లేదు, ట్యాంక్‌బండ్ మీద నుంచి హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి విగ్రహం లైట్లతో తియ్యాలంటే అదే కావాలి. వంతెనల మీద మాత్రం జాగ్రత్త, ప్రకాశం బ్యారేజీ మీద బళ్ళు వెళ్తుంటే రెయిలింగంతా సన్నగా వణుకుతుంది, మనకి తెలీదు, రెండు సెకన్ల ఫోటోలో తెలుస్తుంది. బళ్ళ మధ్య ఖాళీ చూసుకుని తియ్యాలి, లేదా ఒడ్డు మీదకి దిగి ఘాట్ మెట్ల మీద నుంచి తియ్యాలి, నేనైతే ఘాటే అంటాను, నీళ్ళలో లైట్ల నీడ కూడా వస్తుంది.

గట్టి కాళ్ళయితే 2 సెకన్ల టైమర్ చాలు, వంగే కాళ్ళయితే 10 పెట్టండి, ఊగడం ఆగాలి కదా. ఫోన్ యాప్‌తో షట్టర్ నొక్కితే ఇంకా మంచిది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజర్ (చెయ్యి వణుకుని సరిచేసే ఏర్పాటు) ఆపేసి ఒకటి, ఉంచి ఒకటి తీసి మీ కెమెరాకి ఏది బాగుందో చూస్కోండి. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఆపండి, కెమెరా కోసమే కాదు, దీపాలు కూడా నిలకడగా ఉంటాయి. దీపావళికి మేడ మీద పిట్టగోడ మీద పెట్టి చిచ్చుబుడ్లు తీసేటప్పుడు 2 నుంచి 4 సెకన్లు బావుంటుంది, కెమెరా తాడు మాత్రం ఎవరో ఒకరి మణికట్టుకి ఉండాలి, పిట్టగోడ అవతల మూడంతస్తులు.

టేబుల్ లేని చోట కూడా ఇది పనికొస్తుంది. రెండు కాళ్ళు భుజం కింద ఛాతీకి, ఒక కాలు పొట్ట వైపు ఆనించుకుని తీస్తే చేత్తో తీసినదానికన్నా రెండు మూడు రెట్లు నెమ్మది షట్టర్ వస్తుంది, గోడకో స్తంభానికో మూడు కాళ్ళూ నొక్కిపెట్టినా అంతే. గుళ్ళలో స్తంభాలు ఉన్నాయి కదా అని ముందే చెప్తున్నా, చార్మినార్, గోల్కొండ, రామప్ప, లేపాక్షి లాంటి పురావస్తు శాఖ కిందున్న చోట్ల ట్రైపాడ్ వాడాలంటే ముందు అనుమతి కావాలి, చిన్నదే కదా అంటే ఒప్పుకోరు, వాళ్ళ చేత చెప్పించుకునే దాకా తెచ్చుకోవద్దు.

సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తే ఇంటికొచ్చాక కాళ్ళు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి, బంతి మాత్రం పొడిగుడ్డతో తుడవండి చాలు. ఇసక పడి గరగరమంటోందని కొబ్బరినూనో మిషన్ ఆయిలో వెయ్యకండి, ఆ బంతిని పట్టుకునేదే రాపిడి, నూనె తగిలిందంటే ఎంత బిగించినా కెమెరా జారిపోతూనే ఉంటుంది.