ఆమేన్ అందరి నోటా రావాలంటే

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంటి ప్రార్థన కూడికలో కూర్చున్న పదిమందిదీ ఒకే భాష కాదు. అత్తగారి చేతిలో తెలుగు బైబిలు. కోడలు చదివింది ఒడియా బడిలో. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. పక్కింటామె ఇంట్లో మాట్లాడేది సవర అనే గిరిజన భాష. నడిపించేవారు అరగంటసేపు గ్రాంథిక తెలుగులో ప్రార్థిస్తే సగంమంది తలలు వంచుకుని ఊరుకుంటారు. 1 కొరింథీయులకు 14:16లో పౌలు అడిగిందీ అదే: అర్థం కానివాడు ఆమేన్ ఎలా అంటాడని.

కీర్తనలు 121 తీయమన్నప్పుడు గీతసంహిత 121 అని కూడా చెప్పండి, ఒడియా బైబిల్లో ఆ పుస్తకం పేరు అది. అందరికీ దొరికేదాకా ఆగండి. ఒక వచనం తెలుగులో, తర్వాతది ఒడియాలో అని పంచితే ఎవరికైనా సగమే అందుతుంది. ఒకే వచనాన్ని రెండు భాషల్లోనూ చదివించండి, ఆ కీర్తనలో ఉన్నవి ఎనిమిది వచనాలే. పాట పల్లవిని ఒడియా అక్షరాల్లో అట్టమీద పెద్దగా రాసి గోడకి తగిలిస్తే పిల్లలు కూడా గొంతు కలుపుతారు.

చాలా కూడికలు దెబ్బతినేది ప్రార్థన అంశాల దగ్గర, అంటే దేనికోసం ప్రార్థించాలో చెప్పుకునేచోట. చెప్పుకోవడానికే ముప్పావుగంట పోయి, ప్రార్థనకి అయిదు నిమిషాలు మిగులుతాయి. "ఏమైందమ్మా?" అంటే కథంతా వస్తుంది. "ప్రభువుని ఏమడగమంటారు?" అనండి, ఒక్క మాటలో చెబుతారు. ఆ మాటని తేదీ వేసి నోటుబుక్కులో ఒక వరుసగా రాయండి. అంశాన్ని రెండు భాషల్లోనూ చెప్పి, కళ్లు మూసుకోకముందే ఎవరు ప్రార్థించాలో అనుకోండి. అప్పుడు పక్కింటామె సవరలో ప్రార్థించినా, దేనికోసమో అందరికీ తెలుసు కాబట్టి ఆమేన్ నిండుగా వస్తుంది. ఒక్కొక్కరికి నిమిషం చాలు. కొత్తవారు "ప్రభువా, పిన్నిని బాగుచెయ్యి" అన్నా అది పూర్తి ప్రార్థనే.

నడిపించేవారు చివర్న ప్రార్థించాలి. ముందే అన్నీ ప్రార్థించేస్తే మిగతావారికి అనడానికేం మిగలదు. మధ్యలో అరనిమిషం ఎవరూ నోరు విప్పకపోతే కంగారుపడి పాట ఎత్తకండి. భయస్తులు ధైర్యం తెచ్చుకునేది ఆ అరనిమిషంలోనే.

జ్వరమని అంశం వస్తే రక్తపరీక్ష చేయించారా అని తప్పకుండా అడగండి. ఇది మలేరియా ఉన్న మన్యం. ప్రార్థించాం కదా అని ఎవరినీ మాత్రలు మాననివ్వకూడదు. పరీక్షకి తోడెళ్లేవారిని కూడా ఆ రాత్రే అనుకోవాలి.

ఒకరి ఇంట్లో తాగుడు గొడవ, అప్పు సంగతి వాళ్ల అనుమతి లేకుండా అంశం చేయకండి. "ప్రభువా, నీ బిడ్డ ఆదివారం గుడికి రావడం లేదు" అని ఎదుట కూర్చున్నవారి గురించి గట్టిగా ప్రార్థించడం చీవాట్లు పెట్టడమే. అలా ఒకసారి మాట పడ్డవారు మళ్లీ ఆ గడప తొక్కరు.

కూడిక ఎవరింట్లో జరిగినా టీ మించి ఏమీ పెట్టకూడదని మొదట్లోనే అనుకోవాలి. ఒకింట్లో ఉప్మా, ఇంకో ఇంట్లో బజ్జీలు అయ్యాయంటే, లేనివారు మా ఇంటికి రండని పిలవడానికి వెనకాడతారు.

వచ్చే వారం కూడిక మొదలవగానే నోటుబుక్కులో పాత పేజీ తీయండి. ఒకామెకి జ్వరం తగ్గి ఉంటే ఆ వరుస పక్కన గుర్తు పెట్టి, స్తుతి చెల్లించే పని ఆమెకే ఇవ్వండి, ఆమె భాషలోనే.